పనికి ఏ బండెక్కాలో ఎవరు చెప్పాలి? ములకలపల్లి కూలి బండ్ల నుంచి చట్టం దాకా

మిర్చి ఏరే కాలంలో పొద్దుగాల ఆరు గంటలకు ములకలపల్లి సెంటర్లో నిలబడితే ఒక విషయం తెలుస్తుంది. కూలికి పోయే ఆడవాళ్లలో ఎవరూ ఏ బండెక్కాలో తామే తేల్చుకోరు. ఆటో ముందే మాట్లాడి ఉంటుంది. మాట్లాడింది మేస్త్రి, మేస్త్రికి చెప్పింది రైతు. ముగ్గురు కూర్చునే ఆటోలో పది పన్నెండు మంది సర్దుకుంటారు. సద్ది గిన్నెలు ఒళ్లోకి, నీళ్ల డబ్బాలు కాళ్ల సందులోకి పోతాయి. గుంపు పెద్దదైతే ట్రాలీ ఆటో వస్తుంది, ఇంకా పెద్దదైతే ట్రాక్టరు ట్రక్కు. "నేను మా తమ్ముడి బండి మీద వస్తా" అని ఎవరైనా అంటే, "గుంపుతో ఎక్కితేనే పని" అని జవాబు వస్తుంది. సొంత బండి మీద వచ్చినా కిరాయి కింద పట్టుకునే డబ్బులు పట్టుకుంటారని చెప్పినవాళ్లూ ఉన్నారు.

ఈ రూలు ఎక్కడా కాగితం మీద ఉండదు, అయినా రూలే. నా పరిశోధన కూలి మీద. మొదట్లో నేను రేట్లు, పని గంటలు, అడ్వాన్సులే రాసుకునేదాన్ని. ప్రయాణం గురించి అడగాలని తోచలేదు. ప్రమాదం జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం అందరూ మొదట ప్రయాణం గురించే చెప్పారు. బండి ఎవరిది, ఎవరు ఎక్కమన్నారు, ఇన్సూరెన్సు ఉందా, ఆ బండిలో మనుషులను ఎక్కించుకోవచ్చా అన్న ప్రశ్నల మీదే ఆ ఇంటికి పరిహారం వస్తుందా రాదా అనేది తేలుతుంది. అందుకే పనికి పోయే బండి మీద యజమాని పెట్టే రూళ్లను, వాటికి వెనకున్న కులాన్ని, వాటి గురించి చట్టం చెప్పేదాన్ని ఒకచోట పెట్టే ప్రయత్నం ఇది. ఊళ్లో కేసు పట్టుకుని తిరిగే కార్యకర్తలకు, చదువుకునే విద్యార్థులకు పనికొస్తే చాలు.

బండి తోలే హక్కు, ఎక్కే హక్కు

ఎవరు ఏ బండి ఎక్కాలన్నది మన దేశంలో ట్రాఫిక్ పోలీసు రాకముందే కులం తేల్చింది. అంబేడ్కర్ తన అనుభవాలు రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రెండు బండి ప్రయాణాలున్నాయి. 1901లో పిల్లవాడిగా ఇంట్లోని మిగతా పిల్లలతో కలిసి తండ్రి దగ్గరికి బయలుదేరి, మసూర్ స్టేషన్లో దిగినప్పటిది మొదటిది. వీళ్లు మహర్లని తెలిశాక ఒక్క ఎద్దుబండివాడూ రానన్నాడు. చివరికి రెట్టింపు కిరాయి పుచ్చుకుని, పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడుస్తానన్న షరతు మీద ఒకడు ఒప్పుకున్నాడు.

రెండోది 1929 నాటిది. అప్పటికి ఆయన బారిస్టరు. అంటరానివాళ్ల మీద జరిగే అన్యాయాల విచారణకు బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. చాలీస్‌గావ్ స్టేషన్లో దిగితే మహర్వాడ జనం టాంగా మాట్లాడారు. ఆయనను ఎక్కించుకుని తోలడం తన మర్యాదకు తక్కువని టాంగావాడు అన్నాడు. బండి మాత్రం ఇస్తానన్నాడు. తోలడం రాని మనిషి పగ్గాలు పట్టుకున్నాడు. వంతెన దగ్గర చక్రం రాయికి తగిలింది, గుర్రం, బండి వాగులో పడ్డాయి, అంబేడ్కర్ కాలు విరిగింది. కులం మర్యాదకు పోతే ఒంటికి తగిలిన దెబ్బ అది. ఆ ప్రమాదానికి ఎవరు బాధ్యులని ఇవాళ్టి ట్రిబ్యునల్లో కేసు వేస్తే, డ్రైవరు నిర్లక్ష్యం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. డ్రైవరు ఎందుకు మారాడన్న ప్రశ్న ఏ ఫారంలోనూ ఉండదు.

తెలంగాణ ఊళ్ల సంగతి పెద్దవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడవడం, దొర ఎదురొస్తే సైకిలు దిగి పక్కకు నిలబడడం ఇక్కడ చాలాకాలం నడిచిన మర్యాద. ఆ దొరే పనిచ్చేవాడు కూడా. కాబట్టి సైకిలు దిగే రూలు కుల కట్టుబాటా, యజమాని క్రమశిక్షణా అని విడదీయలేం.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఈ విషయాన్ని నేరుగా పట్టుకుంది. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) కింద, బహిరంగ స్థలంలో ఎస్సీ, ఎస్టీ మనిషి సైకిలు గానీ మోటారు సైకిలు గానీ ఎక్కకుండా, చెప్పులు వేసుకోకుండా, కొత్త బట్టలు కట్టుకోకుండా అడ్డుకోవడం నేరం. పెళ్లి ఊరేగింపులో గుర్రం గానీ మరే వాహనం గానీ ఎక్కకుండా అడ్డుకోవడమూ అందులోనే ఉంది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా. "బండి మీద వస్తే రేపటి నుంచి మీ వాడ వాళ్లకు పని లేదు" అని బెదిరిస్తే అది సాంఘిక, ఆర్థిక బహిష్కారం. దానికి అదే సెక్షన్లో (జెడ్‌సీ) అని వేరే క్లాజుంది. కూలికి పిలవకపోవడం, కూలికి రాకుండా చేయడం ఆర్థిక బహిష్కారం అవుతుందని చట్టం నిర్వచనంలోనే రాసుంది.

ఇక్కడ రెండు ఇబ్బందులు ముందే తెలుసుకోవాలి. ఒకటి, 'బహిరంగ స్థలం' అన్న మాట. చేను గట్టు మీదికి, తోట గేటు లోపలికి బండి తేవద్దంటే, అది నా సొంత స్థలం అని ఆసామి వాదిస్తాడు. అందరికీ వద్దన్నాడా, ఒక వాడ వాళ్లకే వద్దన్నాడా అన్నది ఫిర్యాదులోనే స్పష్టంగా రాయించాలి. కమ్మవారి మేనేజరు బండి తోటలోకి పోతూ మాదిగ కూలి బండి గేటు బయటే ఆగిపోతే, ఆ తేడానే సాక్ష్యం. రెండోది ములకలపల్లి లాంటి చోట ఎక్కువగా ఎదురయ్యేది. ఈ చట్టం కింద నిందితుడు ఎస్సీ గానీ ఎస్టీ గానీ కాకూడదు. ఇది ఐదో షెడ్యూలు ప్రాంతం, అశ్వారావుపేట ఎస్టీ నియోజకవర్గం. 1/70 వల్ల గిరిజనేతరులెవరూ, దళితులతో సహా, ఇక్కడ చట్టప్రకారం భూమి కొనలేరు. పనిచ్చే రైతు కోయ కావచ్చు, కూలి మాల కావచ్చు. లంబాడా రైతు పొలంలో కోయ కూలీ ఉండవచ్చు. అలాంటి చోట అత్యాచారాల చట్టం పనిచేయదు. మనవాళ్లు ఈ విషయం మాట్లాడడానికి మొహమాటపడతారు. కూలీ చట్టాలు మాత్రం యజమాని కులం అడగవు కాబట్టి అలాంటప్పుడు దారి అటువైపే ఉంది.

నిజానికి "బండెక్కొద్దు" అని నేరుగా అనేవాళ్లు ఇప్పుడు తక్కువ. "ఈ బండే ఎక్కాలి" అనేవాళ్లే ఎక్కువ. ప్రాణాలు పోతున్నది ఈ రెండో రూలు దగ్గర.

గుంపు బండి

గుంపు బండి రైతుకు ఎందుకు కావాలో అర్థం చేసుకోవడం కష్టం కాదు. మిర్చి పండాక ఆగదు. ఇరవై మంది ఒకేసారి చేలో దిగాలి, ఒకేసారి ఎక్కాలి. విడివిడిగా వస్తే ఒకరు ఏడింటికి, ఒకరు ఎనిమిదింటికి వస్తారు. ఎండ ఎక్కువైందనో, పక్క చేలో పది రూపాయలు ఎక్కువిస్తున్నారనో మధ్యాహ్నం వెళ్లిపోగలరు. సొంత బండి ఉన్న కూలికి బేరం ఆడే బలం ఉంటుంది. గుంపు బండిలో వచ్చిన కూలి, బండి కదిలేదాకా చేలోనే ఉండాలి. పని గంటలను గడియారం కన్నా గట్టిగా కట్టేసేది ఆటోనే.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కూలికి పోయే ఆడవాళ్లకు అంతకు మించి ఏం కావాలి అని హైదరాబాద్‌లో నన్ను చాలామంది అడిగారు. కానీ బస్సు రోడ్డు మీదే పోతుంది. చేను వాగు అవతల, అడవి అంచున ఉంటుంది. పని మొదలయ్యే వేళకు ఊళ్లోకి బస్సు రావాలి, పని వదిలే వేళకు మళ్లీ ఉండాలి. పాల్వంచకో దమ్మపేటకో పోయే మనిషికి పనికొచ్చినంతగా గూడెం నుంచి చేనుకు పోయే మనిషికి ఆ పథకం పనికి రాదు.

ఇక గుంపు బండ్ల ప్రమాదాలు. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర పడమటి తండా నుంచి మిర్చి ఏరడానికి పోతున్న ట్రాక్టరు ఏఎమ్మార్పీ కాల్వలో పడి 9 మంది చనిపోయారు. రెండున్నర నెలలకే, జూన్ 24న, యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాల్వలో బోల్తా పడింది. 15 మంది పోయారు, దాదాపు అందరూ ఆడవాళ్లే. 2021 జనవరిలో మళ్లీ పీఏ పల్లి మండలంలోనే, అంగడిపేట దగ్గర, నాటుకు పోయి తిరిగొస్తున్న కూలీల ఆటోను లారీ ఢీకొంది. 2022 జూన్ 30న ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసత్యసాయి జిల్లా తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర ఆటో మీద కరెంటు తీగ తెగిపడి ఐదుగురు కూలి మహిళలు కాలిపోయారు. ఊర్లు వేరైనా ప్రయాణం ఒక్కటే. ప్రతిసారీ పేపర్లు 'పరిమితికి మించి ప్రయాణికులు' అని రాశాయి. ఎవరి పరిమితి, మించమన్నది ఎవరు అన్నది రాయలేదు.

ఇన్సూరెన్సు దగ్గర ఏమవుతుంది

ఈ భాగం కొంచెం పొడవుగా ఉంటుంది, ఎందుకంటే కేసులు ఓడిపోయేది ఇక్కడే.

మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి సరుకుదా, మనుషులదా అన్నది ముఖ్యం. ట్రాలీ ఆటో, లారీ లాంటివి సరుకు బండ్లు. ట్రాక్టరు ట్రక్కుకు సాధారణంగా వ్యవసాయ పనికే పాలసీ ఉంటుంది. 1994 సవరణ తర్వాత సరుకు బండిలో సరుకు యజమానికి, అతని ప్రతినిధికి ఇన్సూరెన్సు వర్తిస్తుంది. బండి యజమాని దగ్గర పనిచేసే డ్రైవరుకు, బండిలో పోయే అతని పనివాళ్లకు కూలీ పరిహార చట్టం మేరకు వర్తిస్తుంది. ఊరికే ఎక్కిన ప్రయాణికులకు వర్తించదని 'న్యూ ఇండియా అస్యూరెన్స్ వర్సెస్ ఆశా రాణి' కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2000లో సత్పాల్ సింగ్ కేసులో తామే చెప్పినదాన్ని అక్కడ కొట్టేసింది.

దీన్ని మన చేనుకు తెచ్చుకుందాం. ట్రాలీ ఆటో ఒకరిది, చేను ఇంకొకరిది. అందులో ఎక్కిన మిర్చి కూలీ సరుకు యజమాని కాదు, ఆటో యజమాని పనిమనిషీ కాదు. ఇన్సూరెన్సు కంపెనీ చేతులు దులుపుకుంటుంది. ఆటో యజమాని మీద డిక్రీ వస్తుంది గానీ, అతనూ మన పక్క వాడ మనిషే. ఆ ఆటో కూడా ఫైనాన్సులో ఉంటుంది. డిక్రీ కాగితంగానే మిగులుతుంది.

కోర్టులకు ఇది తెలియదని కాదు. ఆశా రాణి తర్వాత బల్జీత్ కౌర్ కేసులో (2004) కంపెనీ ముందు బాధితులకు కట్టి, తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోమన్నారు. 'ఓరియంటల్ ఇన్సూరెన్స్ వర్సెస్ బ్రిజ్ మోహన్' (2007) మనకు ఇంకా దగ్గరిది. ఇటుకల మట్టి కోసం పోయిన ట్రాక్టరు ట్రాలీ మీది నుంచి కూలీ పడ్డాడు. పాలసీ వ్యవసాయానికి మాత్రమే. కంపెనీకి బాధ్యత లేదని కోర్టు ఒప్పుకుంది, కానీ ఆ కూలీ పేదరికం చూసి రాజ్యాంగం 142వ అధికరణ కింద ముందు కట్టి తర్వాత వసూలు చేసుకోమంది. 142 సుప్రీంకోర్టుకు మాత్రమే ఉన్న అధికారం. కొత్తగూడెంలో కేసు వేసేవాళ్లు ఆ తీర్పును హక్కుగా చూపలేరు, దయగా అడగగలరు.

మనుషుల ఆటోలో ఎక్కువ మంది ఎక్కితే లెక్క వేరు. 'నేషనల్ ఇన్సూరెన్స్ వర్సెస్ అంజనా శ్యామ్' (2007) కేసు ఒక బస్సుది. పాలసీ 42 మందికి, ఎక్కింది దానికి రెండింతల పైనే. పాలసీలో ఎంతమంది ఉన్నారో అంతమందికే కంపెనీ బాధ్యత అన్నారు. అయితే అన్నిటికన్నా పెద్ద మొత్తాలు వచ్చిన అన్ని కేసుల సొమ్ము కట్టించి, దాన్ని బాధితులందరికీ వాటా ప్రకారం పంచమన్నారు. ముగ్గురి పాలసీ ఉన్న ఆటోలో పన్నెండు మంది ఉంటే, మూడు పెద్ద పరిహారాల సొమ్ము పన్నెండు ఇళ్లకు వెళుతుంది. మిగతాది మళ్లీ ఆటో యజమాని మీదే. "ఎక్కండి, ఇంకో ఇద్దరు పడతారు" అనే మాటకు ఖరీదు ఇది.

డ్రైవరు లైసెన్సు గురించి మాత్రం ఒక అడ్డు తొలగింది. లైట్ మోటారు వెహికల్ లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపడానికి వేరే ఎండార్స్‌మెంటు అక్కర్లేదని 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం రంభా దేవి కేసులో చెప్పింది. అంతకుముందు కంపెనీలు ఈ సాకుతో చాలా కేసులు లాగేవి.

బండి యజమాని మీద ట్రిబ్యునల్‌కు పోయేవాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి 164వ సెక్షన్ కింద తప్పు ఎవరిదో రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడగవచ్చు. అదే సవరణ క్లెయిము వేయడానికి 6 నెలల గడువు పెట్టింది. కర్మకాండలు, ఆస్పత్రి, అప్పులు తేలేసరికే ఆరు నెలలు గడిచిపోతాయి. కాబట్టి ఎఫ్‌ఐఆర్ కాపీ వచ్చిన వారంలోనే మండల న్యాయసేవల కమిటీకి పోవడం మంచిది. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం 1987 చట్టంలోనే ఉంది.

"ఎక్కమన్నది ఎవరు" అన్న ప్రశ్న బలం

బండి వైపు నుంచి వెళ్తే ఇన్ని అడ్డంకులున్నాయి కదా, యజమాని వైపు నుంచి వెళ్తే? ఫలానా బండే ఎక్కాలన్న రూలు అక్కడ కూలి చేతిలో ఆయుధం అవుతుంది.

పని చేసేచోట జరిగిన ప్రమాదానికే యజమాని బాధ్యుడని పాత సూత్రం. ఇంటి నుంచి పనికి పోయే దారి కూలి సొంత వ్యవహారం. దీనికి మొదటి దెబ్బలు బొగ్గు గనుల నుంచే తగిలాయి. సింగరేణి జిల్లాలో ఉన్నవాళ్లం కాబట్టి ఇది చెప్పుకోవాలి. ఇంగ్లండులో 1924 నాటి సెయింట్ హెలెన్స్ కాలరీ కేసులో గని కార్మికుల కోసం నడిపే రైల్లో ప్రమాదం జరిగింది. ఆ రైలెక్కే హక్కు కార్మికుడికి ఉంది, కానీ ఎక్కి తీరాలన్న నిర్బంధం లేదు. నిర్బంధం లేదు కాబట్టి యజమానికి బాధ్యత లేదు అన్నారు. 1946లో అక్కడ చట్టమే మార్చి, యజమాని ఏర్పాటు చేసిన బండిలో అనుమతితో పోతుంటే నిర్బంధం లేకపోయినా పనిలో ఉన్నట్టే అన్నారు.

మన సుప్రీంకోర్టు 1958లో సౌరాష్ట్ర సాల్ట్ కేసులో ఉప్పు కార్ఖానా నుంచి తిరిగొస్తూ పడవ మునిగి చనిపోయిన కార్మికుల కుటుంబాలకు పరిహారం లేదంది. ఎవరైనా ఎక్కే పడవ అది, పని హద్దు అక్కడిదాకా సాగదు అన్నది తీర్పు. 1963లో బొంబాయి బెస్ట్ బస్సు డ్రైవరు కేసులో, ఆగ్నెస్ కేసుగా పిలిచేదానిలో, డ్యూటీ ముగించి తమ సంస్థ బస్సులోనే ఇంటికి పోతూ చనిపోయిన డ్రైవరు పనిలోనే ఉన్నట్టు లెక్క అన్నారు. ఆ బస్సు సదుపాయం సంస్థ పని సజావుగా సాగడానికే కాబట్టి. 1996లో ఫ్రాన్సిస్ డి కోస్టా కేసులో మళ్లీ వెనక్కి పోయారు. సైకిలు మీద ఫ్యాక్టరీకి పోతూ కిలోమీటరు దూరంలో లారీ తగిలిన కార్మికుడికి ఈఎస్ఐ పరిహారం రాలేదు. ఆ లోటు పూడ్చడానికి 2010లో ఈఎస్ఐ చట్టంలో 51ఈ చేర్చారు. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి పోయే దారిలో ప్రమాదమూ, సమయం, స్థలం, పరిస్థితులకు పనితో లంకె ఉంటే, పనిలో జరిగినట్టే. ఈఎస్ఐ ఫ్యాక్టరీ కార్మికుడికి ఉంటుంది, మిర్చి కూలికి ఉండదు.

2025 జులై 29న దైవశాల కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా తీసేసింది. మహారాష్ట్రలో చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ 2003 ఏప్రిల్ 22న తెల్లవారుజామున మూడింటి డ్యూటీకి మోటారు సైకిలు మీద పోతూ ఫ్యాక్టరీకి 5 కిలోమీటర్ల దూరంలో చనిపోయాడు. కమిషనర్ 3,26,140 రూపాయలు ఇమ్మన్నాడు, హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. కూలీ పరిహార చట్టంలోనూ పనికి పోయే దారి పనిలో భాగం కాగలదని చెప్పింది. ఆ ఇంటికి న్యాయం రావడానికి 22 ఏళ్లు పట్టింది. 2020 సామాజిక భద్రత కోడ్ 74వ సెక్షన్ కూడా దారి ప్రమాదాలను కలుపుకుంది. కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయని కేంద్రం ప్రకటించింది.

ఇప్పుడు మన మేస్త్రి మాటకు వద్దాం. "గుంపు బండి ఎక్కితేనే పని" అన్నది నిర్బంధం. బండి మాట్లాడింది రైతు తరఫున. కిరాయి ఇచ్చింది రైతు, లేదా కూలిలో కోసుకున్నాడు. కాబట్టి బండెక్కిన నిమిషం నుంచి కూలి పనిలో ఉన్నట్టే అని వాదించడానికి ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు. కార్యకర్తలు సాక్ష్యం తీసుకునేటప్పుడు ప్రమాదం ఎలా జరిగిందన్నది ఒక్కటే అడిగి వదిలేస్తున్నారు. బండి ఎవరు మాట్లాడారు, ముందురోజు రాత్రి ఫోను ఎవరు చేశారు, కిరాయి ఎవరిచ్చారు, వేరే బండి మీద వస్తే ఏమన్నారు అన్నవి కూడా రాయించాలి. మేస్త్రి ఫోన్‌పే లెక్క ఒక్కటి దొరికినా కేసు నిలబడుతుంది.

పరిహారం లెక్క ఇలా ఉంటుంది. మరణానికి నెల కూలిలో సగాన్ని వయసును బట్టి ఉండే అంకెతో గుణిస్తారు. 40 ఏళ్లకు ఆ అంకె 184.17. నెలకు 9,000 అనుకుంటే 4,500ను గుణించాలి, అంటే 8,28,765 రూపాయలు. రెండేళ్లలోపు కార్మిక శాఖలో కమిషనర్ హోదా ఉన్న అధికారి ముందు వేయాలి. ట్రిబ్యునల్‌కు పోతే ఇటు రాలేరు, ఇటు వస్తే అటు పోలేరు, ఏదో ఒకటే ఎంచుకోవాలి. ఆటో యజమాని దగ్గర ఏమీ లేదని తెలిసి కూడా అలవాటుగా ట్రిబ్యునల్‌కే పోవడం నేను చూసిన పెద్ద పొరపాటు.

అడ్డంకి లేదని కాదు. కూలీ పరిహార చట్టం రెండో షెడ్యూలు వ్యవసాయం మొత్తాన్ని కలుపుకోలేదు. ట్రాక్టరు, కరెంటు, యంత్రాలతో చేసే సేద్యంలో పనిచేసేవాళ్లని రాసుంది. చేత్తో మిర్చి ఏరే మనిషి అందులోకి వస్తుందా అన్నది వాదన చేయాల్సిందే. ట్రాక్టరుతో దున్ని, మోటారుతో నీళ్లు పెట్టి, ట్రాక్టరు మీద కూలీలను తెచ్చిన చేను యంత్ర సేద్యం కాకపోతే మరేది అవుతుంది? రోజు కూలి తాత్కాలికం కాబట్టి రాదు అనే పాత సాకు మాత్రం 2000 సవరణతో పోయింది.

కిరాయి కోత

బండి కిరాయి కూలిలో పట్టుకుంటే మరో చట్టం తగులుతుంది. 1982 నాటి ఆసియాడ్ కేసు, పీయూడీఆర్ వేసినది, విద్యార్థులు చదివే ఉంటారు. ఢిల్లీ నిర్మాణ కూలీలకు రోజుకు 9.25 రూపాయలు రావాలి. మధ్యలో జమాదారు ఒక రూపాయి కోసుకుని 8.25 చేతిలో పెట్టాడు. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం 23వ అధికరణ నిషేధించిన నిర్బంధ చాకిరీ అని సుప్రీంకోర్టు అంది. మిర్చి మేస్త్రి కోసుకునే బండి కిరాయి ఆ రూపాయికి మనవడు. వ్యవసాయ కూలికి ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం నుంచి కోత పోగా చేతికి ఎంత వచ్చిందో రాసిపెట్టుకుంటే చాలు, ఫిర్యాదు తయారైనట్టే. పోల్చడానికి ఉపాధి హామీ ఉంది. 2005 చట్టం 5 కిలోమీటర్లు దాటి పని ఇస్తే ప్రయాణానికని 10 శాతం అదనంగా ఇమ్మంది. దూరం యజమాని ఖర్చు అన్న సూత్రం ప్రభుత్వమే ఒప్పుకున్నది.

ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కూలీలకు, మధ్యవర్తి ద్వారా వచ్చి సంస్థ కింద పనిచేస్తే, 1979 అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టం రానుపోను ఛార్జీలు, ప్రయాణ రోజుల కూలి కూడా ఇమ్మంది. మిర్చి రైతును సంస్థగా ఎవరూ చూడలేదు కాబట్టి ఆ చట్టం మన చేలల్లోకి రాలేదు.

గేటు దగ్గరి రూళ్లు

ఇక్కడి యువకులు చాలామంది చేను వదిలి పాల్వంచ, కొత్తగూడెం, మణుగూరు, సారపాకల వైపు కాంట్రాక్టు పనికి పోతున్నారు. పూసుగూడెం, కమలాపురం పంపుహౌస్‌లు ములకలపల్లి మండలంలోనే ఉన్నాయి. ఇలాంటి చోట రూళ్లు బోర్డు మీద కనిపిస్తాయి. హెల్మెటు లేకుండా గేటు దాటకూడదు, పాసు లేని బండి లోపలికి రాకూడదు, కాంట్రాక్టు వాళ్ల బండ్లు బయట పెట్టాలి.

తన ఆవరణలో భద్రత కోసం యజమాని రూలు పెట్టవచ్చు. హెల్మెటు రూలును ఎవరూ కాదనరు. అయితే 1946 స్టాండింగ్ ఆర్డర్ల చట్టంలో, ఇప్పుడు 300 మంది పైన ఉన్న సంస్థలకు వర్తించే కోడ్‌లో, రూళ్లు అధికారి ధ్రువీకరించాలి. పాత చట్టం షెడ్యూలులో ఏ గేటు నుంచి రావాలి, తనిఖీకి ఒప్పుకోవాలి అన్నవి ఉన్నాయి. ఇంటి నుంచి ఏ బండి మీద రావాలన్నది లేదు. గేటు బయటి రోడ్డు మీద యజమాని రూలు నడవదు. రెగ్యులర్ కార్మికుడి బండి షెడ్డులో, కాంట్రాక్టు కార్మికుడి బండి ఎండలో ఉంటే అడగాల్సిన ప్రశ్న భద్రత గురించి కాదు. రెండు వరుసల్లో ఎవరి పేర్లున్నాయో కులం వారీగా రాసి చూడండి.

హెల్మెటు పెట్టుకోలేదు కాబట్టి పరిహారం లేదు అని చెప్పి చాలా ఇళ్లను వెనక్కి పంపేస్తారు. అది సగం నిజం. కావాలని భద్రతా రూలు ఉల్లంఘిస్తే పరిహారం రాదన్న మినహాయింపు కూలీ పరిహార చట్టంలో ఉంది. కానీ కార్మికుడు చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా ఆ మినహాయింపు వర్తించదని అదే వాక్యంలో ఉంది. వాక్యం రెండో సగం ఎవరూ చదివి వినిపించరు. ఈ వ్యాసం ప్రింటు తీసుకుని పోయేవాళ్లు ఆ ఒక్క ముక్క కింద గీత గీసుకుని పొండి.